చిటపట ఆగేదాకా

బస్సు డిపో క్యాంటీన్‌లో వంట చేసే ఆమెను డిపో మొత్తం పెద్దావిడ అనే పిలిచేది. నిజానికి ఆమె వయసు నలభై ఎనిమిదే. కానీ ఇరవై రెండేళ్ళుగా ఆ వంటింటి పెత్తనం ఆమెదే. చేతి కింద ఐదుగురు, పొయ్యిల మీద మోకాలెత్తు గిన్నెలు, రోజూ మధ్యాహ్నం ఆరు వందల మంది ఆకలి. ఉప్పు వేయడానికి ఆమెకు చెంచా అక్కర్లేదు. నూనె కాగిందో లేదో చూడటానికి గిన్నెలోకి తొంగిచూసే పనీ లేదు. అవతల గదిలో ఉల్లిపాయలు తరుగుతూనే చప్పుడు విని చెప్పేది.

ఆమెకున్న బాధ ఒక్కటే. మూడు గంటలకు క్యాంటీన్ మూసేసరికి వెనక గుమ్మం దగ్గర రెండు నీలం డ్రమ్ములు నిండేవి. తొక్కలు, కాడలు, కంచాల్లో వదిలేసిన తిండి. చెత్త లారీ వచ్చి వాటిని బోర్లించుకుంటూ ఉంటే చూడలేక, ఏదో పనున్నట్టు లోపలికి వెళ్ళిపోయేది.

అలాంటిది ఒకరోజు ఆడపడుచు వచ్చి, "వదినా, ఆ డ్రమ్ములు ఇకమీదట నాకిచ్చెయ్యవా?" అంది.

"నువ్వేం చేసుకుంటావే వాటిని?"

"నా దగ్గర లక్షమంది భోజనానికి కూర్చున్నారు. వడ్డించేవాళ్ళు లేరు."

ఆడపడుచుకు ముప్ఫై నాలుగేళ్ళు. ఒకచోట నిలబడి మాట్లాడటం ఆమెకు పుట్టుక నుంచీ చేతకాదు. మాటకో గెంతు గెంతుతుంది. అందుకే వాళ్ళన్నయ్య చిన్నప్పుడే పిచ్చుక అని పేరు పెట్టేశాడు. పదేళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు చూసుకుంది. ఉన్నట్టుండి ఆ ఉద్యోగం మానేసి, కూరగాయల మార్కెట్ వెనక ఖాళీగా పడున్న రేకుల షెడ్డును కమిటీవాళ్ళను బతిమాలి తీసుకుంది. అందులో పురుగులు పెంచుతోందని తెలిసి పెద్దావిడ ముక్కున వేలేసుకుంది. పిండిలో ఒక్క పురుగు కనబడితే బస్తాకు బస్తా వెనక్కి పంపించే మనిషి ఆమె.

"డ్రమ్ములు పంపుతాను. నన్ను మాత్రం అటు రమ్మనకు," అని తేల్చి చెప్పింది.

తీరా వారం తిరక్కుండానే వెళ్ళాల్సి వచ్చింది. డ్రమ్ములు తిరిగి వచ్చాయి గానీ మూతలు రాలేదు. కబురు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. ఒళ్ళు మండి, క్యాంటీన్ మూశాక తనే బయలుదేరింది.

షెడ్డు గుమ్మంలో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడింది. కాసేపటికి కొంగు తీసేసింది. కుళ్ళు కంపు లేదు. తడిమట్టి వాసన లాంటిది ఏదో ఉంది. లోపల వరసగా వెడల్పాటి తొట్లు. వాటిలోంచి సన్నగా, ఆగకుండా ఒక చప్పుడు. రేకు మీద తుంపర పడుతున్నట్టుంది. బయటికి తల పెట్టి చూసింది. ఎండ కాస్తోంది.

"వాన కాదు వదినా. తింటున్నారు," అంది పిచ్చుక.

పెద్దావిడ తొట్టిలోకి చూసింది. లేత గోధుమరంగు పురుగులు, వేలి గోరంత ఒక్కొక్కటి, వేలకు వేలు కుతకుతలాడుతున్నట్టు కదులుతున్నాయి. చూస్తుండగానే ఒక క్యాబేజీ ఆకు జల్లెడలా మారి, మాయమైపోయింది.

"ఇదెప్పటిది?"

"నిన్న నువ్వు పంపిందే."

"నిన్నటిదా! డ్రమ్మెడు తిండి ఏదీ?"

"అదుగో, పురుగుగా మారిపోయింది. మిగిలింది ఎరువు."

ఇరవై రెండేళ్ళలో తను పెట్టింది పెట్టినట్టు, వంక పెట్టకుండా, ఒక్క మెతుకు వదలకుండా తిన్నవాళ్ళను ఆమె అప్పుడే చూసింది.

పిచ్చుక ఆమెను చెయ్యి పట్టుకుని షెడ్డంతా తిప్పింది. ఎండ తగిలే చోట దోమతెర కట్టిన పెద్ద గూడు, అందులో కందిరీగల్లా సన్నగా నల్లటి ఈగలు. ఇవి ఇళ్ళల్లో దూరే ఈగలు కావట, తిండి మీద వాలవట. జత కట్టి, గుడ్లు పెట్టి, నాలుగు రోజులు బతికి పోతాయట. గుడ్లలోంచి వచ్చిన పిల్లలే ఈ పురుగులు. రెండు వారాలు మెక్కి మెక్కి, ఇక చాలనుకున్నాక నల్లబడి, తొట్టికి వాలుగా ఆనించిన చెక్క ఎక్కుతాయి. చెక్క చివరి నుంచి వాటంతట అవే కింది బకెట్‌లో పడతాయి.

"ఏరే పని కూడా లేదు, చూశావా? కోళ్ళ ఫారం ఆయనా, చేపల చెరువు ఆయనా ఎండబెట్టిన పురుగు ఎంత ఇచ్చినా తీసుకుంటామంటున్నారు. కానీ అసలు సంగతి అది కాదు వదినా. ఎండబెట్టి తూస్తే వీటిలో మూడో వంతు కొవ్వు. ఆ కొవ్వు పిండితే నూనె. నూనెతో డీజిల్ చెయ్యొచ్చు. చెత్త మోసుకొచ్చే బండి ఆ చెత్త నూనెతోనే నడుస్తుంది!" అంటూ పిచ్చుక మూడు గెంతులు గెంతింది.

మూతల సంగతి అడగడం మరిచిపోయి ఇల్లు చేరింది పెద్దావిడ. ఆ రోజు నుంచి మూడు దాటగానే ఆమె కాళ్ళు వాటంతట అవే షెడ్డు వైపు నడిచేవి. గింజలూ పీచూ వేరు చేసి, గట్టివి చిన్నగా తరిగి, నీళ్ళు ఓడ్చి మరీ పురుగులకు పెట్టేది. "అంత ముద్దగా పెడితే ఊపిరాడక చస్తాయి కదే," అని ఆడపడుచునే కోప్పడేది.

అంతా బాగానే ఉంది గానీ డీజిల్ మాత్రం కాలేదు. కాగిన నూనెలో స్పిరిట్టూ, కాస్టిక్ సోడా కలిపి సీసాలో పోసి ఉంచితే, తెల్లారేసరికి పైన తేనెరంగు ఇంధనం, కింద నల్లటి చిక్కటి మడ్డి విడిపోవాలి. పిచ్చుక మూడుసార్లు చేసింది. మూడుసార్లూ సీసా నిండా గంజిలాంటి తెల్లటి ముద్ద. వేలితో తీసి నీళ్ళు పోస్తే నురగొచ్చింది. సబ్బు!

"బండి నడవకపోతే పోయింది, కడుక్కోవచ్చులే," అన్నాడు వాళ్ళన్నయ్య. ఆయనే పెద్దావిడ భర్త, ఆ డిపోలోనే ఇంజన్ మెకానిక్. ఆయన జోకుకు ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

ఎందుకంటే ఆ పొద్దునే మార్కెట్ కమిటీ ప్రెసిడెంటు షెడ్డుకు వచ్చి వెళ్ళాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కానీ అందరికీ సమాధానం చెప్పుకోవాల్సినవాడు. "చూడమ్మా, షెడ్డు ఇచ్చేటప్పుడు మా చెత్తబండిని ఈ నూనెతో నడిపి చూపిస్తానన్నావు. ఆరు నెలలైంది. కూరగాయల వెనక పురుగులేంటని కొట్లవాళ్ళు నా పీక మీద కూర్చున్నారు. శనివారం కమిటీని తీసుకొస్తాను. బండి నడిస్తే సరే. లేదంటే నేనేం చెయ్యలేను," అన్నాడు.

అది సోమవారం.

పెద్దావిడ వచ్చేసరికి పిచ్చుక పాడైన సీసాల ముందు చతికిలబడి ఉంది. గెంతు లేదు, మాట లేదు. ఆ మనిషిని అలా చూడటం పెద్దావిడకు కొత్త. పక్కనే గిన్నెలో పిండిన పురుగు నూనె ఉంటే వంగి వాసన చూసింది. మొహం చిట్లించింది.

"ఈ కొవ్వు చెడిపోయిందే. పొద్దున కోసిన మాంసం సాయంత్రం దాకా బయట పెడితే వచ్చే వాసన ఇది."

"వదినా..."

"ఏం తేడా చేశావో చెప్పు, ఆలోచిద్దాం."

"వదినా, నీకు దణ్ణం పెడతాను. ఇది వంట కాదు, కెమిస్ట్రీ. వంటింటి తెలివి ఇక్కడ పనికిరాదు."

పెద్దావిడకు చెంప మీద కొట్టినట్టయింది. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కొంగు దులుపుకుని గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. వెళ్ళిపోవచ్చు. కానీ ఆ నూనె వాసన ముక్కును వదలట్లేదు. ఎక్కడో ఏదో తప్పు జరిగిందని తెలిసీ పొయ్యి దగ్గర నుంచి వెళ్ళిపోవడం ఆమెకు జన్మలో అలవాటు లేదు.

వెనక్కి వచ్చింది. స్టవ్ వెలిగించి, ఒక పెనం పెట్టి, బాగా కాగనిచ్చింది. గిన్నెలోంచి ఒక చెంచాడు నూనె తీసి పెనం మీద పోసింది.

చిటపటమంటూ నూనె నాలుగు వైపులా చిందింది. పిచ్చుక ఉలిక్కిపడి తలెత్తింది.

"విన్నావా? దాని సంగతి అదే చెబుతోంది. నూనె ఒక్కటే ఉంటే ఇలా అరవదు. ఇందులో నీళ్ళున్నాయి," అంది పెద్దావిడ.

"ఉండవు వదినా, వేడి చేశానుగా. అరవై దాకా..." అంటూనే పిచ్చుక మాట ఆగిపోయింది. మెల్లగా లేచి నిలబడింది. "అరవైకి నీళ్ళెక్కడ పోతాయి! నీళ్ళుంటే కాస్టిక్కు నూనెను సబ్బు చేస్తుంది. అయ్యో, పిల్లలకి పరీక్షలో నేనే అడిగేదాన్ని ఈ ప్రశ్న!"

"ఆగు. ఇంకోటుంది. పురుగుల్ని ఎలా చంపుతావు?"

"గోనెలో పోసి ఫ్రిజ్‌లో పెడతాను. రెండు రోజులకు కదలడం మానేస్తాయి. అప్పుడు ఎండబెడతాను."

"రెండు రోజులు! సగం చచ్చినవి అలా పడుంటే కొవ్వు పాడవదూ? మేం ఆకుకూర నిలవ చెయ్యాలంటే ఏం చేస్తాం? సలసల కాగే నీళ్ళలో ఒక్క నిమిషం ముంచి తీస్తాం. అంతే, రంగు చెడదు, రుచి చెడదు. అలా చెయ్యి. వాటికీ బాధ ఉండదు, చిటికెలో అయిపోతుంది."

పిచ్చుక రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. "చచ్చేటప్పుడు నిదానమైతే ఒంట్లో ఎంజైములు కొవ్వును విరిచేస్తాయి. అప్పుడు పుట్టేదే యాసిడ్, అదీ సబ్బే చేస్తుంది. అదే ఈ వాసన! వేడినీళ్ళలో వేస్తే అవి అక్కడికక్కడే ఆగిపోతాయి. వదినా... వదినా!" అని అమాంతం వచ్చి వాటేసుకుంది. "ఇందాక నేనన్న మాట..."

"తర్వాత ఏడుద్దువుగాని. ఇవాళ సోమవారం. శనివారానికి ఎన్ని పురుగులు కావాలి?"

"ఇరవై కిలోలు. రెండు లీటర్లు రావాలంటే."

మంగళవారం వంట చేతి కిందవాళ్ళకు అప్పజెప్పి, తెల్లారేసరికే పెద్దావిడ షెడ్డులో ఉంది. ముదిరిన పురుగులు చెక్కల మీద వరసకట్టి ఎక్కుతున్నాయి. టపటపమని బకెట్లలో రాలుతున్నాయి. ఆ చప్పుడు వింటుంటే వదినామరదళ్ళిద్దరికీ కాలు నిలవలేదు. "ఎక్కండి నాయనా, ఎక్కండి, అటు కాదు ఇటు," అని పెద్దావిడ వాటిని అదిలిస్తుంటే పిచ్చుక పడీపడీ నవ్వింది. తొమ్మిదింటికి తూకం వేస్తే పంతొమ్మిది కిలోలు. మిగతా కిలో కోసం ఇంకో గంట చెక్కల పక్కన గొంతుక్కూర్చున్నారు.

కాగే నీళ్ళలో వేసి, ఒక్క నిమిషం లెక్కపెట్టి, చిల్లుల గరిటెతో తీసి, రేకుల కప్పు మీద పలచగా పరిచారు. కాకులు ఊరుకుంటాయా? ఎండ తగిలేలా కన్నాలున్న కూరగాయల బుట్టలు బోర్లించారు. రెండు రోజులు ఎండ బ్రహ్మాండంగా కాసింది. బుధవారం సాయంత్రం పెద్దావిడ ఒక పురుగును వేళ్ళ మధ్య నలిపింది. కరకరమని పొడైపోయింది. "అయింది," అంది, వేయించిన పప్పు చూసి చెప్పినంత ధీమాగా.

చేతితో తిప్పే నూనె మరలో పోసి ఇద్దరూ చెరోవైపు పట్టుకుని తిప్పారు. మొదట ఏమీ రాలేదు. తర్వాత ఒక చుక్క, ఇంకో చుక్క, ఆ పైన సన్నటి ధార. గోధుమరంగు కాదు, లేత పసుపు. పెద్దావిడ వాసన చూసింది. పచ్చి వేరుశనగ వాసనలా కమ్మగా ఉంది. పిండగా మిగిలిన పిండిని కోళ్ళ ఫారం ఆయన కోసం గోనెలో ఎత్తి పెట్టారు.

గురువారం పెద్దావిడ క్యాంటీన్‌లో వండుతూనే ఉంది గానీ మనసంతా షెడ్డులోనే ఉంది. కూరలో రెండుసార్లు ఉప్పేసింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. డిపో డిపో అంతా నీళ్ళు తాగి తాగి, "పెద్దావిడకి ఒంట్లో బాలేదా?" అని పరామర్శకు వచ్చారు.

మూడు దాటాక షెడ్డు తలుపులన్నీ బార్లా తెరిచి నూనె గిన్నె పొయ్యి మీద పెట్టారు. చిటపట మొదలైంది. పిచ్చుక థర్మామీటరు చూస్తోంది. పెద్దావిడ కళ్ళు మూసుకుని వింటోంది.

"నూట పది దాటింది. దించేద్దామా?"

"ఉండు. ఇంకా గొణుగుతోంది."

బుడగలు చిన్నవయ్యాయి. చప్పుడు పలచబడింది. ఒకటీ, అరా. తర్వాత ఏమీ లేదు. గిన్నె అడుగు స్పష్టంగా కనబడింది.

"ఇప్పుడు," అంది పెద్దావిడ.

పొయ్యి ఆర్పేసి, నూనె చల్లబడ్డాక కళ్ళజోడూ చేతి తొడుగులూ వేసుకుని పిచ్చుక స్పిరిట్టూ కాస్టిక్కూ తూచి కలిపింది. అక్కడ మాత్రం వదినను దగ్గరికి రానివ్వలేదు. "ఇది నా వంట. దూరంగా ఉండు, పీలిస్తే ప్రమాదం," అంది. గంటసేపు కలిపి, గాజు సీసాల్లో పోసి, మూతలు బిగించారు.

శుక్రవారం పొద్దున పిచ్చుక తాళం తీసింది గానీ లోపలికి అడుగు పెట్టలేదు. "నేను చూడను. నువ్వే చూడు," అని గుమ్మంలోనే వెనక్కి తిరిగి నిలబడింది.

పెద్దావిడ లోపలికి వెళ్ళింది. కిటికీలోంచి వెలుగు సరిగ్గా సీసాల మీద పడుతోంది. కింద రెండు వేళ్ళ మందం నల్లటి మడ్డి. దాని పైన, గీత గీసినట్టు విడిపోయి, తేనెరంగులో తళతళలాడుతూ...

"పిచ్చుకా!" ఆ కేకకు మార్కెట్‌లో కూరగాయలు దించుతున్న హమాలీలు కూడా ఆగి చూశారు.

పెద్దావిడ క్యాంటీన్‌కు రెండు రోజులు సెలవు పెట్టింది. ఆ రోజంతా ఇద్దరూ గోరువెచ్చని నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు తీసేసి, మళ్ళీ చప్పుడు ఆగేదాకా వేడి చేసి, చల్లార్చి గుడ్డలో వడకట్టారు. లీటరున్నర తేలింది.

శనివారం పది గంటలకు ప్రెసిడెంటు నలుగురు కమిటీ మెంబర్లతో వచ్చాడు. చుట్టూ కొట్లవాళ్ళు, హమాలీలు గుమిగూడారు. చెత్త మోసే మూడు చక్రాల బండిని షెడ్డు ముందు నిలబెట్టారు. మెకానిక్ పాత డీజిల్ మొత్తం దించేసి ట్యాంకు తుడిచి పెట్టాడు. తేనెరంగు సీసా చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంజన్‌కి పురుగుల రసం తాగించలేదు నేను," అని గొణిగాడు.

"పోస్తారా, నన్ను పొయ్యమంటారా?" అంది పెద్దావిడ. ఆయన మారుమాటాడకుండా పోశాడు.

తాళంచెవి తిప్పాడు. ఇంజన్ కుయ్‌మని మూలిగి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అదే. మూడోసారీ అంతే. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రెసిడెంటు చేతి గడియారం చూసుకున్నాడు. పిచ్చుక మొహంలో నెత్తురు చుక్క లేదు.

మెకానిక్ మాత్రం కంగారు పడలేదు. బండి దిగి, ఇంజన్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చెవి ఆనించాడు. "ట్యాంకు ఖాళీ చేశాను కదా, పైపులోకి గాలి చేరింది. తప్పు నాది, నూనెది కాదు," అని జేబులోంచి పానా తీసి ఒక నట్టు వదులు చేశాడు. పైపు మూతి దగ్గర నురగలు వచ్చాయి, ఆ తర్వాత బుడగ లేకుండా తేనెరంగు ధార. నట్టు బిగించి, పైకెక్కి, తాళం తిప్పాడు.

డుగ్గు. డుగ్గు డుగ్గు. డుగడుగడుగడుగ...

ఇంజన్ అందుకుంది. పొగ గొట్టంలోంచి రోజూ వచ్చే నల్లపొగ లేదు. ఏదో వేపుడు చేస్తున్నట్టు వాసన. హమాలీలు ఈలలు వేశారు. పిచ్చుక ఎగిరిన ఎగురుడుకు ఒక చెప్పు ఊడి టమాటాల బుట్టలో పడింది. పెద్దావిడ నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

"జరగవయ్యా," అంటూ ప్రెసిడెంటు బండెక్కి మెకానిక్ పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. బండి మార్కెట్ చుట్టూ ఒక రౌండు వేసింది. ఆగుతుందనుకుంటే ఆగలేదు, ఇంకో రౌండు. మూడో రౌండులో ప్రెసిడెంటు స్టీరింగు తనే లాక్కున్నాడు. ఉల్లిపాయల బస్తాల మీదికి పోనిచ్చేవాడే, మెకానిక్ బ్రేకు తొక్కబట్టి సరిపోయింది.

దిగేసరికి ఆయన జుట్టు రేగిపోయి, మొహం చింకిచేటంత అయింది. "ఎవరమ్మా ఈ నూనె చేసింది?" అని అడిగాడు.

పెద్దావిడ అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేసింది. పిచ్చుక ఆమె మోచెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. "పురుగులు నావండీ. నూనె మా వదినది. నేను మూడుసార్లు సబ్బు చేశాను, ఆవిడొచ్చి డీజిల్ చేయించింది."

"ఏం చదువుకున్నావమ్మా?"

"క్యాంటీన్‌లో వంట చేస్తానండీ," అంది పెద్దావిడ, తల దించకుండానే.

కమిటీ అక్కడికక్కడే నిలబడి మాట్లాడుకుంది. షెడ్డు పిచ్చుకకే. సోమవారం నుంచి మార్కెట్‌లో చెడిపోయిన కూరగాయలన్నీ షెడ్డుకే. రోజుకు ఆరేడు డ్రమ్ములు. ఇందాక నవ్విన కొట్టాయనే ఎండు పురుగు తన కోళ్ళక్కూడా కావాలని ముందే చెప్పి పెట్టాడు.

మర్నాడు ఆదివారం. మెకానిక్ పొద్దున్నే టేబుల్ మీద కాగితం పరిచి పెన్సిలుతో ఏదో గీస్తున్నాడు. నూనె కాచే పెద్ద ట్యాంకు, పైన మూత, పక్కన థర్మామీటరు.

పెద్దావిడ భుజం మీదుగా చూసింది. "ఆ మూత తీసెయ్యండి. మూత పెడితే చప్పుడు నాకెలా వినబడుతుంది?"

"మూత లేకపోతే నూనె చిందుతుంది వదినా," అంది పిచ్చుక.

"చిందనీ. చిందితేనే నీళ్ళున్నట్టు."

"అన్నయ్యా, నువ్వు మూతే పెట్టు. చిన్న కన్నం పెడితే చాలు."

"కన్నంలోంచి ఏం వినబడుతుందే? పెద్దది పెట్టండి, గరిటె దూరేటంత."

మెకానిక్ ఒకసారి భార్యనూ, ఒకసారి చెల్లెల్నీ చూసి, రబ్బరు తీసుకుని మూత చెరిపేశాడు.